తిరుపతి కంపెనీ కొన్న లైసెన్సులు దుబాయ్ లోకల్ స్టాఫ్‌కి ఇవ్వొచ్చా?

రేణిగుంట_డీటెయిలర్

మాది తిరుపతిలో స్టీల్ స్ట్రక్చర్ డ్రాయింగులు చేసే ప్రైవేట్ లిమిటెడ్. 42 మంది ఉన్నాం, పని అంతా గల్ఫ్ నుంచే. వచ్చే నెల దుబాయ్ ఫ్రీ జోన్‌లో ఒక కంపెనీ మొదలవుతుంది, వాటా 100 శాతం మాదే. అక్కడ ఆరుగురిని తీసుకుంటున్నాం. వీళ్లు ఇక్కడి నుంచి డెప్యుటేషన్ మీద వెళ్లేవాళ్లు కాదు. దుబాయ్ కంపెనీ వీసా, దుబాయ్ కంపెనీ జీతం. ముగ్గురు కేరళ వాళ్లు, ఒకరు ఫిలిప్పీన్స్, ఒకరు ఈజిప్ట్, ఒకరిది ఇరాన్ పాస్‌పోర్ట్. ఇది కాక నైరోబీలో ఇద్దరున్నారు. అక్కడ మాకు కంపెనీ లేదు, ఈఓఆర్ సంస్థ (మన కోసం అక్కడి మనుషుల్ని తన ఉద్యోగులుగా పెట్టుకునే సంస్థ) ద్వారా జీతం ఇస్తున్నాం.

ఇక్కడ మా దగ్గర ఉన్నవి ఇవీ: ఆటోక్యాడ్ సబ్‌స్క్రిప్షన్లు 30 (అందులో 8 ఖాళీ), మైక్రోసాఫ్ట్ 365 బిజినెస్ స్టాండర్డ్ 45, ఒక పీడీఎఫ్ మార్కప్ టూల్ పాత పర్పెచువల్ (ఒకసారి కొంటే ఎప్పటికీ వాడుకునే) లైసెన్సులు 12, మేమే రాసుకున్న బోల్ట్ లిస్ట్ ప్లగిన్ (పెద్ద ప్రోగ్రామ్‌కి తగిలించే చిన్న ప్రోగ్రామ్). అన్నీ తిరుపతి కంపెనీ పేరు మీద, చెన్నై రీసెల్లర్ దగ్గర రూపాయల్లో కొన్నాం.

నా ప్రశ్నలు:

1. ఖాళీగా ఉన్న 8 ఆటోక్యాడ్‌లు దుబాయ్ వాళ్లకి ఇచ్చేస్తే తప్పేంటి? డబ్బు కట్టాం, కంపెనీ కూడా మాదే కదా.
2. ఖర్చు దుబాయ్ కంపెనీ నుంచి వసూలు చేయాలా, ఊరికే ఇవ్వొచ్చా? జీఎస్టీ, ఇన్‌కమ్ టాక్స్ సంగతేంటి?
3. ఇరాన్ పాస్‌పోర్ట్ అతనికి లాగిన్ ఇవ్వొచ్చా?
4. నైరోబీ ఇద్దరూ ఎవరి ఉద్యోగులు అవుతారు, లైసెన్సు దృష్టిలో?

రీసెల్లర్‌ని ఫోన్లో అడిగితే "ఏం కాదు సార్, వాడుకోండి" అన్నాడు. రాసివ్వమంటే మళ్లీ ఫోన్ ఎత్తలేదు.

లైసెన్స్_లెక్క

ఫోన్లో చెప్పిన "ఏం కాదు" తయారీదారు చేసే లైసెన్స్ ఆడిట్‌లో పనికిరాదు. అనుమతి ఇచ్చే అధికారం రీసెల్లర్‌కి లేదు, తయారీదారుకే ఉంది. రీసెల్లర్ ద్వారా అడిగినా జవాబు తయారీదారు మెయిల్ ఐడీ నుంచే రావాలి.

మీ మొదటి ప్రశ్నలో రెండు ప్రశ్నలు కలిసిపోయాయి. "ఆ కంపెనీ కూడా మాదే" అన్నది ఎవరు వాడొచ్చన్నదానికి జవాబు. ఎక్కడ వాడొచ్చన్నది వేరే తాళం, దానికి వేరే తాళంచెవి కావాలి. ఒప్పందంలో అనుబంధ కంపెనీలు వాడుకోవచ్చని ఉన్నా, టెరిటరీ (వాడుకోదగ్గ దేశం) దగ్గర ఇండియా అని ఉంటే దుబాయ్‌లో వాడకూడదు. టెరిటరీ ప్రపంచమంతా అని ఉన్నా, లైసెన్సీ (లైసెన్సు తీసుకున్నవాళ్లు) నిర్వచనంలో తిరుపతి కంపెనీ ఒక్కటే ఉంటే దుబాయ్ ఉద్యోగి బయటివాడే. చట్టం దృష్టిలో సబ్సిడరీ (మీ వాటా ఉన్న అనుబంధ కంపెనీ) వేరే వ్యక్తి.

కాబట్టి ఒక్కో ఒప్పందంలో నాలుగు మాటలు వెతకండి: లైసెన్సీ, అఫిలియేట్ (అనుబంధ కంపెనీ), ఆథరైజ్డ్ యూజర్ (వాడే అనుమతి ఉన్న మనిషి), టెరిటరీ. ఇవి ఎక్కువగా నిర్వచనాల పేజీలో ఉంటాయి. ఒప్పందంలో లేకపోతే ఇన్‌వాయిస్, ఆర్డర్ ఫారం, లైసెన్స్ సర్టిఫికెట్ చూడండి. అక్కడ రాసిన దేశమే టెరిటరీ అని ఒప్పందం చెప్పడం మామూలే.

ఇప్పుడు మీ లిస్టు.

ఆటోక్యాడ్: దాని తయారీదారు ఆటోడెస్క్ నిబంధనల్లో టెరిటరీ అన్న మాట ఉంది. కొన్న దేశంలో వాడుకోవడం మూల సూత్రం. మీ ఇంజనీరు పది రోజులు సైట్ మీటింగ్‌కి దుబాయ్ వెళ్లి ల్యాప్‌టాప్ తెరవడం ఒక సంగతి, దుబాయ్‌లోనే ఉండే మనిషికి ఏడాది పొడుగునా సీటు ఇవ్వడం ఇంకో సంగతి. రెండోదానికి రాతపూర్వక అనుమతి లేకుండా దిగొద్దు. పైగా ఇది నేమ్డ్ యూజర్ లైసెన్సు, అంటే ఒక్కో సీటు ఒక్కో మనిషి పేరు మీదే. 300 రూపాయల దర్శనం టికెట్ లాంటిదే. ఆధార్ ఒకరిది, క్యూలో నిలబడేది ఇంకొకరు అంటే కుదరదు. "దుబాయ్ 1" అని ఒక మెయిల్ ఐడీ పెట్టి ముగ్గురు షిఫ్టుల్లో వాడటం, టెరిటరీ సమస్య లేకపోయినా ఉల్లంఘనే.

మైక్రోసాఫ్ట్ 365: ఇక్కడ మీకు సులువు. మైక్రోసాఫ్ట్ కస్టమర్ అగ్రిమెంట్‌లో కొనేవాడు తన అఫిలియేట్ల కోసం కూడా ఆర్డర్ పెట్టొచ్చని ఉంది. అఫిలియేట్ అంటే 50 శాతానికి మించి వాటా. మీది 100 శాతం కాబట్టి సరిపోతుంది. అడ్మిన్ సెంటర్‌లో ఒక్కో యూజర్‌కి యూసేజ్ లొకేషన్ అని ఉంటుంది. దుబాయ్ వాళ్లకి యూఏఈ అని, నైరోబీ వాళ్లకి కెన్యా అని పెట్టండి. అది పెట్టకుండా లైసెన్సు కేటాయిస్తే ఎర్రర్ వస్తుంది. అందరికీ ఇండియా అని పెట్టేస్తే ఎర్రర్ రాదు గానీ, ఆ దేశంలో అందని సర్వీసులు కూడా వాళ్లకి తెరుచుకుంటాయి. టెనెంట్ (మీ కంపెనీ మొత్తం ఖాతా) దేశం మాత్రం ఒకసారి ఇండియా అని పెట్టాక మార్చలేరు, మార్చాల్సిన పనీ లేదు. లైసెన్సును ఒకరి నుంచి తీసి ఇంకొకరికి ఇస్తే, 90 రోజుల లోపు మళ్లీ మార్చకూడదన్నది సాధారణ నియమం. ఉద్యోగం మానేసిన సందర్భం దానికి మినహాయింపు.

విండోస్ గురించి మీరు అడగలేదు గానీ, చాలామంది జారేది అక్కడే. ల్యాప్‌టాప్‌తో వచ్చే ఓఈఎం విండోస్ ఆ యంత్రంతోనే పోతుంది. రేణిగుంట నుంచి ల్యాప్‌టాప్‌లు మోయకండి. దుబాయ్‌లో విండోస్ ప్రో ఉన్నవి కొని, అక్కడి కంపెనీ పేరు మీద బిల్లు తీసుకోండి. కస్టమ్స్ తలనొప్పి, వారంటీ తలనొప్పి రెండూ పోతాయి.

పీడీఎఫ్ టూల్ పర్పెచువల్ కీలు: వీటిని మర్చిపోండి. ఒక కీకి రెండు దేశాల నుంచి యాక్టివేషన్ పడితే కీ మొత్తం బ్లాక్ అయ్యే ప్రమాదం ఉంది. అప్పుడు తిరుపతిలో 12 సీట్లూ ఒకేసారి ఆగుతాయి. దుబాయ్‌కి కొత్తవి అక్కడే కొనండి.

ఒప్పందంలో టెరిటరీ అసలు రాయకపోతే, మన 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 19(6) ప్రకారం ఇండియా వరకే అని అనుకోవాలి. 30ఏ దాన్ని లైసెన్సులకి కూడా వర్తింపజేస్తుంది.

బైపాస్_రోడ్

ఇంత తలనొప్పి ఎందుకన్నా. దుబాయ్ వాళ్లకి తిరుపతి ఆఫీస్ వీపీఎన్ పెట్టేయ్. ఐపీ ఇండియాది కనిపిస్తుంది, ఎవడికి తెలుస్తుంది?

కరామా_ఐటీ

వీపీఎన్ సలహా ఎవరూ పాటించకండి. ముఖ్యంగా యూఏఈలో.

కంపెనీ వీపీఎన్ వాడటం అక్కడ నేరం కాదు. ఫైల్ సర్వర్ కోసం బ్యాంకులు, కంపెనీలు అన్నీ వాడతాయి. కానీ 2021 నాటి ఫెడరల్ డిక్రీ లా 34లో ఆర్టికల్ 10 ఉంది. నేరం చేయడానికో, నేరం బయటపడకుండా ఉండటానికో వేరే ఐపీ అడ్రస్‌తో నెట్‌వర్క్‌ని మభ్యపెడితే 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హమ్‌ల జరిమానా, జైలు కూడా ఉండొచ్చు. లైసెన్సు ఉల్లంఘనను దాచడానికే వీపీఎన్ పెట్టామని ఆఫీస్ మెయిల్‌లో రాసి ఉంటే, సివిల్ గొడవను మీ చేతులతో మీరే క్రిమినల్ వైపు నెట్టినట్టు. ఇరుక్కునేది తిరుపతిలో ఉన్న డైరెక్టర్ కాదు, అక్కడ వీసా మీద ఉన్న ఉద్యోగి.

ఎవడికి తెలుస్తుంది అంటే, ఐపీ ఒక్కటే కాదు కదా. యంత్రం టైమ్ జోన్, విండోస్ రీజియన్, యంత్రం పేరు, యూజర్ మెయిల్ డొమైన్, వైఫై మారినప్పుడు వీపీఎన్ తెగిన ఆ రెండు నిమిషాలు, ఇవన్నీ లాగ్‌లో పడతాయి. సపోర్ట్ టికెట్‌లో "దుబాయ్ ఆఫీసులో డ్రాయింగ్ ప్రింట్ రావట్లేదు" అని ఉద్యోగే స్వయంగా రాస్తాడు.

ఇక ఇరాన్ పాస్‌పోర్ట్. దీన్ని రెండుగా చూడాలి.

ఆటోక్యాడ్, ఆఫీస్ లాంటివి అమెరికా మూలం ఉన్న సాఫ్ట్‌వేర్. ఇండియా నుంచి ఇంకో దేశానికి వెళ్తే అమెరికా ఎగుమతి నియమాల ప్రకారం రీ-ఎక్స్‌పోర్ట్ (తిరిగి ఎగుమతి). మామూలు వాణిజ్య సాఫ్ట్‌వేర్ యూఏఈకి వెళ్లడానికి సాధారణంగా ఆటంకం లేదు. పాస్‌పోర్ట్ దేశం ముఖ్యమయ్యేది సోర్స్ కోడ్, నియంత్రిత టెక్నాలజీ చూపించేటప్పుడు. వాటిని విదేశీ పౌరుడికి చూపిస్తే అతని దేశానికి పంపినట్టే లెక్క. ఇన్‌స్టాల్ చేసిన రెడీమేడ్ ప్రోగ్రామ్‌కి ఆ లెక్క వర్తించదు. అతను దుబాయ్‌లో నివాసం ఉంటూ, దుబాయ్ కంపెనీకి పనిచేస్తూ, ఆంక్షల జాబితాల్లో పేరు లేకపోతే పాస్‌పోర్ట్ ఒక్కటే అడ్డంకి కాదు. అమెరికా ప్రభుత్వం నడిపే కన్సాలిడేటెడ్ స్క్రీనింగ్ లిస్ట్‌లో పేరు వెతకడం ఉచితం. ఆరుగురి పేర్లూ వెతికి, ఆ తేదీతో స్క్రీన్‌షాట్ దాచండి. అతనొక్కడి పేరే వెతికితే అది వివక్ష అవుతుంది, పైగా జాబితాలో ఉండేవాళ్లందరూ ఇరానీలు కారు. కొన్ని తయారీదారుల ఒప్పందాలు చట్టం కన్నా కఠినంగా పౌరసత్వం గురించే రాస్తాయి. ఆ పేరా విడిగా చూడండి.

అసలు ప్రమాదం ప్రయాణంలో ఉంది. గల్ఫ్‌లో ఉన్నవాళ్లకి కిష్ దీవి తెలుసు, వీసా మార్పు కోసం వెళ్లొచ్చే చోటు. అది ఇరాన్. ఎవరైనా ల్యాప్‌టాప్ పట్టుకుని అక్కడికి వెళ్లి హోటల్లో ఆటోక్యాడ్ తెరిస్తే, ఆంక్షలున్న దేశంలో వాడినట్టే. తయారీదారు కంపెనీ అకౌంట్ మొత్తం సస్పెండ్ చేయొచ్చు. వెళ్లింది కేరళ వాళ్లు, అంటే ఇండియన్ పాస్‌పోర్ట్ అయినా అంతే. ఇరాన్, క్యూబా, ఉత్తర కొరియా, క్రైమియా, డొనెట్స్క్, లుహాన్స్క్‌లకి ఆఫీస్ ల్యాప్‌టాప్ వెళ్లకూడదని ఉద్యోగ ఒప్పందంలోనే ఒక వాక్యం పెట్టండి. రష్యాకి కూడా 2024 సెప్టెంబర్ 12 నుంచి అమెరికా వైపు నుంచి డిజైన్, ఎంటర్‌ప్రైజ్ సాఫ్ట్‌వేర్ క్లౌడ్ సేవల మీద నిషేధం ఉంది.

మన వైపు స్కోమెట్ జాబితా (ఎగుమతికి అనుమతి కావాల్సిన సరుకులు, టెక్నాలజీల జాబితా) ఉంది. బిల్డింగ్ స్టీల్ డ్రాయింగులు దానిలోకి రావు. అయితే రక్షణ, అణు రంగాల క్లయింట్ డ్రాయింగులు మీ సర్వర్‌లో ఉంటే, ఆ ఫోల్డర్‌కి దుబాయ్ లాగిన్లు ఇచ్చే ముందు డీజీఎఫ్‌టీ (విదేశీ వాణిజ్య డైరెక్టరేట్) నియమాలు చూసుకోవాలి. ఇక్కడ సాఫ్ట్‌వేర్ కన్నా దాంతో తెరిచే ఫైలే సమస్య.

చిత్తూరు_ఆడిటర్

ముందు లైసెన్స్_లెక్క గారి చివరి పేరా సరిచేయాలి. 19(6) ఇక్కడ అంత తేలిగ్గా అతకదు. 2021 మార్చి 2న సుప్రీంకోర్టు ఇంజనీరింగ్ అనాలిసిస్ సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్ కేసులో ఈ విషయమే తేల్చింది. ప్రోగ్రామ్‌ని వాడుకోవడానికి మాత్రమే ఇచ్చే, బదిలీ చేయకూడని లైసెన్సు అంటే వాడకం మీద పెట్టిన షరతులే తప్ప, సెక్షన్ 14 హక్కుల్లో (కాపీ చేయడం లాంటి యజమాని హక్కులు) వాటా ఇచ్చే సెక్షన్ 30 లైసెన్సు కాదంది. 30 కాకపోతే 30ఏ లేదు, 19(6) ఊహా లేదు. కాబట్టి ఆటోక్యాడ్ లాంటి వాటికి ఒప్పందంలో ఏముందో అదే శాసనం. అందులో లేకపోతే ఇండియా అనీ అనుకోలేం, ప్రపంచమంతా అనీ అనుకోలేం. రాసి అడగాల్సిందే.

కానీ అదే 19(6) మీ బోల్ట్ లిస్ట్ ప్లగిన్‌కి సూటిగా తగలొచ్చు. దాని కాపీరైట్ మీది. దుబాయ్ కంపెనీకి కాపీ చేసుకునే హక్కు, మార్చుకునే హక్కు ఇస్తే అది సెక్షన్ 30 లైసెన్సు. రాతలో ఉండాలి. టెరిటరీ రాయకపోతే ఇండియా వరకే అని, గడువు రాయకపోతే 5 ఏళ్లని చట్టం అనుకుంటుంది. రెండు పేజీల ఒప్పందం చాలు: యూఏఈ పేరు, గడువు, దుబాయ్ వాళ్లు చేసే మార్పులు ఎవరివి అన్నది రాయండి. ప్లగిన్‌లో జీపీఎల్ (పంపిణీ చేస్తే సోర్స్ కోడ్ కూడా ఇవ్వాలనే ఉచిత లైసెన్సు) కోడ్ ఏదైనా కలిపారేమో కూడా చూసుకోండి. ఒకే కంపెనీ లోపల కాపీలు తీసుకోవడం పంపిణీ కాదని జీపీఎల్ రాసిన ఎఫ్‌ఎస్‌ఎఫ్ సంస్థ స్పష్టంగా చెబుతుంది. సబ్సిడరీకి ఇవ్వడం పంపిణీ అవుతుందా లేదా అన్నది మాత్రం ఆయా దేశపు కాపీరైట్ చట్టానికే వదిలేసింది.

ఇక పన్నులు. ఊరికే ఇవ్వొచ్చా అంటే, వద్దు.

ఇన్‌కమ్ టాక్స్‌లో మీరూ దుబాయ్ కంపెనీ అసోసియేటెడ్ ఎంటర్‌ప్రైజెస్ (యాజమాన్య సంబంధం ఉన్న సంస్థలు). ఉచితంగా ఇచ్చినా అది అంతర్జాతీయ లావాదేవీయే, ట్రాన్స్‌ఫర్ ప్రైసింగ్ (సంబంధిత కంపెనీల మధ్య ధర కూడా బయటివాళ్ల మధ్య ధరలాగే ఉండాలనే నియమాలు) కిందకి వస్తుంది. ఈ లావాదేవీలు చూపే ఫారం 3సీఈబీకి కనీస మొత్తం అంటూ లేదు, పదివేల రూపాయల రీఛార్జ్ (దుబాయ్ కంపెనీ నుంచి ఖర్చు వసూలు) అయినా రిపోర్ట్ చేయాలి. అలాంటి లావాదేవీలన్నీ కలిపి ఏడాదికి 1 కోటి దాటితేనే పూర్తి డాక్యుమెంటేషన్. 2026 ఏప్రిల్ 1 నుంచి వర్తించే కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్, ఫారం నంబర్లు మారాయి. నేను అందరికీ తెలిసిన పాత నంబరే చెబుతున్నా. అటువైపు యూఏఈలో కూడా 2023 జూన్ నుంచి 9 శాతం కార్పొరేట్ టాక్స్ ఉంది, 3,75,000 దిర్హమ్‌లు దాటిన లాభం మీద. వాళ్లకీ ట్రాన్స్‌ఫర్ ప్రైసింగ్ నియమాలున్నాయి. అందుకని సీట్ల లెక్కన, నెలల లెక్కన రీఛార్జ్ చేసి, ఆ లెక్క పద్ధతిని ఒక ఒప్పందంలో ముందే రాసుకోండి. మార్చి 31న కూర్చుని వేసే జర్నల్ ఎంట్రీ మీద ఆఫీసర్లకి నమ్మకం తక్కువ.

జీఎస్టీలో మీకు కలిసొచ్చే సంగతి, దుబాయ్‌లో పెట్టింది బ్రాంచ్ కాదు, కంపెనీ. 2021 సెప్టెంబర్ 20 నాటి సర్క్యులర్ 161 ప్రకారం విదేశీ సబ్సిడరీ వేరే వ్యక్తి, కాబట్టి దానికిచ్చే సేవ ఎగుమతి కావచ్చు. బ్రాంచ్ అయితే అదే సంస్థకి ఇంకో శాఖ కింద లెక్క. అప్పుడు ఎగుమతి అన్న నిర్వచనమే తప్పుతుంది. ఎగుమతిగా చూపాలంటే ఆ ఆర్థిక సంవత్సరానికి ఎల్‌యూటీ (పన్ను కట్టకుండా ఎగుమతి చేయడానికి ఇచ్చే హామీ పత్రం, ఫారం ఆర్‌ఎఫ్‌డీ-11) ముందే వేసి ఉండాలి, డబ్బు విదేశీ మారకంలో రావాలి. రూల్ 96ఏ ప్రకారం ఇన్‌వాయిస్ నుంచి ఏడాది లోపు రాకపోతే 18 శాతం ఐజీఎస్టీ వడ్డీతో కట్టాలి. గ్రూప్ కంపెనీ కదా, తర్వాత చూద్దాంలే అని పుస్తకాల్లో వదిలేసిన బాకీలే ఇక్కడ కొంప ముంచేవి. దుబాయ్ నుంచి రావాల్సింది మీరు వాళ్లకి ఇవ్వాల్సిందానితో చెల్లుకు చెల్లు వేయాలన్నా ముందు బ్యాంకుతో మాట్లాడాలి.

ఇన్‌వాయిస్‌లో వివరణ జాగ్రత్త. "సాఫ్ట్‌వేర్ లైసెన్స్ అమ్మకం" అని రాస్తే రెండు చిక్కులు. తయారీదారు ఒప్పందంలో సబ్‌లైసెన్స్ చేయకూడదని ఉంటే ఆ ఇన్‌వాయిసే మీ మీద సాక్ష్యం. రెండోది, బ్యాంకు సాఫ్టెక్స్ ఫారం (సాఫ్ట్‌వేర్ ఎగుమతి డిక్లరేషన్) అడుగుతుంది. అలాగని లేని సేవ పేరు రాయమని కాదు. ఒప్పందం అనుమతించే పనినే చేసి, చేసిన పనినే రాయండి. అఫిలియేట్ వాడకానికి అనుమతి ఉన్నచోట ఐటీ ఖర్చుల పంపకం, ఒప్పందం ఫలానా, సీట్లు ఇన్ని, నెలలు ఇన్ని అని. పర్పస్ కోడ్ (డబ్బు దేనికొచ్చిందో చెప్పే నంబర్) ఏది, సాఫ్టెక్స్ కావాలా వద్దా అన్నది మొదటి ఇన్‌వాయిస్‌కి ముందే ఏడీ బ్యాంకుని (విదేశీ మారకం చూసే మీ బ్యాంకు) అడిగి మెయిల్‌లో తీసుకోండి. సాఫ్టెక్స్ అవసరమైతే దాన్ని ధ్రువీకరించే ఎస్‌టీపీఐకి తిరుపతిలోనే కేంద్రం ఉంది.

తిరగేసి, దుబాయ్ కంపెనీ కొని తిరుపతి వాళ్లు వాడితే సేవల దిగుమతి. డబ్బు ఇవ్వకపోయినా, సంబంధిత వ్యక్తి నుంచి కాబట్టి రివర్స్ ఛార్జ్ (జీఎస్టీ మీరే కట్టడం) వస్తుంది. మీకు పూర్తి ఐటీసీ (కట్టిన జీఎస్టీని తిరిగి సర్దుకునే) అర్హత ఉంటే 2024 జూన్ 26 నాటి సర్క్యులర్ 210 కొంత ఊరటనిస్తుంది. అయినా ఆ దారి వద్దు.

ఆటోక్యాడ్ విషయంలో అన్నిటికన్నా చౌక అయినది, దుబాయ్ కంపెనీ దుబాయ్ రీసెల్లర్ దగ్గర తన పేరు మీద కొనుక్కోవడం. 5 శాతం వ్యాట్, రిజిస్టర్ అయితే అదీ వెనక్కి వస్తుంది. ఇక్కడి ధర, అక్కడి ధర మధ్య తేడా చూసి ఆశపడుతున్నారు గానీ, ఆరు సీట్ల తేడా కన్నా ఒక ఆడిట్ నోటీసుకి లాయర్ ఫీజే ఎక్కువ.

లైసెన్స్_లెక్క

ఆడిటర్ గారు చెప్పింది సరే. రెడీమేడ్ సాఫ్ట్‌వేర్‌కి 19(6) మాట వెనక్కి తీసుకుంటున్నా.

రేణిగుంట_డీటెయిలర్

అందరికీ థాంక్స్. ఆటోక్యాడ్ దుబాయ్‌లోనే కొంటాం అనుకుంటున్నాం. ఆలోపు ఒక నెలకి ఇంకో ఆలోచన వచ్చింది: తిరుపతి ఆఫీసులో ఖాళీగా ఉన్న వర్క్‌స్టేషన్లకి దుబాయ్ వాళ్లు రిమోట్ డెస్క్‌టాప్‌లో వచ్చి పనిచేస్తే? సాఫ్ట్‌వేర్ ఇండియాలోనే ఉంటుంది కదా, టెరిటరీ దాటినట్టు కాదు కదా. నైరోబీ ఇద్దరి సంగతి ఎవరూ చెప్పలేదు.

లైసెన్స్_లెక్క

రిమోట్ డెస్క్‌టాప్ అందరికీ వచ్చే ఆలోచనే. చాలా ఒప్పందాలు "ఇన్‌స్టాల్ లేదా యాక్సెస్" అని కలిపి రాస్తాయి. అలా ఉన్నప్పుడు యంత్రం రేణిగుంటలో ఉన్నా, కీబోర్డు ముందు మనిషి దుబాయ్‌లో ఉంటే వాడకం దుబాయ్‌లోనే. "ఇన్‌స్టాల్" అని మాత్రమే ఉంటే వాదించడానికి చోటుంది. అప్పుడు కూడా వర్చువలైజేషన్, రిమోట్ వాడకం గురించి విడిగా పేరా ఉందేమో చూడాలి. నేమ్డ్ యూజర్ నియమం ఎలాగూ ఉంటుంది, రాత్రి షిఫ్ట్‌లో తిరుపతి ఉద్యోగి లాగిన్‌తో దుబాయ్ మనిషి పనిచేయకూడదు.

విండోస్ వైపు కూడా మెలికలున్నాయి. విండోస్ 11 ప్రో యంత్రంలోకి రిమోట్‌గా ఒకసారి ఒక్కరే రావాలి. ఒకే యంత్రంలోకి నలుగురు వచ్చేలా చేసే ప్యాచ్‌లు నెట్‌లో దొరుకుతాయి, అవి విండోస్ లైసెన్సునే ఉల్లంఘిస్తాయి. నలుగురు కావాలంటే విండోస్ సర్వర్, ఒక్కొక్కరికి ఆర్‌డీఎస్ కాల్ (ఆ సర్వర్‌లోకి రిమోట్‌గా రావడానికి కావాల్సిన లైసెన్సు). ఆర్‌డీఎస్ పాత్ర పెట్టాక 120 రోజులు కాల్ లేకుండా నడుస్తుంది. అది చూసి లైసెన్సు అక్కర్లేదనుకుంటారు, 121వ రోజు పొద్దున ఎవరికీ లాగిన్ రాదు. ఆ సర్వర్‌లో ఎక్సెల్, వర్డ్ కావాలంటే షేర్డ్ కంప్యూటర్ యాక్టివేషన్ (ఒకే యంత్రంలో చాలామంది ఆఫీస్ వాడే సదుపాయం) ఉండాలి. మీ బిజినెస్ స్టాండర్డ్‌లో అది లేదు, బిజినెస్ ప్రీమియంలోనో ఈ3లోనో ఉంది.

అంటే ఒక నెల సర్దుబాటు కోసం సర్వర్, కాల్స్, ప్లాన్ అప్‌గ్రేడ్. దానికన్నా దుబాయ్‌లో నెలవారీ సబ్‌స్క్రిప్షన్ ఆరు తీసుకుని, తర్వాత ఏడాదివి తీసుకోవడం మేలు.

నైరోబీ: చట్టప్రకారం వాళ్లు ఈఓఆర్ సంస్థ ఉద్యోగులు. లైసెన్సు దృష్టిలో మీకు కాంట్రాక్టర్ల కింద లెక్క. ఆథరైజ్డ్ యూజర్ నిర్వచనంలో "ఉద్యోగులు" అని మాత్రమే ఉంటే వాళ్లు రారు. "మీ తరఫున పనిచేసే కాంట్రాక్టర్లు" అని కూడా ఉంటే వస్తారు, అదీ మీ పని కోసమే. అకౌంట్ మీ డొమైన్ మీద, ల్యాప్‌టాప్ మీ అదుపులో ఉండాలి. ఈఓఆర్ ఇచ్చిన ల్యాప్‌టాప్‌లో, వాళ్ల జీమెయిల్ ఐడీకి సీటు కేటాయిస్తే, మనిషి మానేసిన రోజు మీ చేతిలో ఏమీ ఉండదు. కెన్యాకి టెరిటరీ ప్రశ్న దుబాయ్‌కి ఉన్నట్టే ఉంటుంది. పైగా అక్కడ మీకు కంపెనీ లేదు, మీ పేరు మీద కొనడానికి లోకల్ రీసెల్లర్ ఒప్పుకోకపోవచ్చు. కాబట్టి మీరు తయారీదారుని అడగబోయే మెయిల్‌లో అసలు బరువు నైరోబీ మీదే పెట్టండి.

ఆ మెయిల్ ఎలా ఉండాలంటే: ఒప్పందం నంబర్, సబ్‌స్క్రిప్షన్ నంబర్. కొన్న కంపెనీ పేరు, దేశం. వాడబోయే వాళ్లు ఎందరు, ఏ దేశంలో, ఎవరి జీతం మీద. ఎప్పటి నుంచి ఎప్పటి వరకు. చివర, ఏ క్లాజ్ కింద అనుమతిస్తున్నారో ఆ నంబర్ రాయమని. "వాడొచ్చా" అని అడిగితే "నిబంధనలు చూడండి" అని లింక్ వస్తుంది. క్లాజ్ నంబర్ అడిగితే ఎవరో ఒకరు నిజంగా చదివి జవాబిస్తారు.

చిత్తూరు_ఆడిటర్

ఈఓఆర్ గురించి ఒక మాట కలపాలి. మన చట్టం సెక్షన్ 17(సీ)లో ఉద్యోగి చేసిన పని కాపీరైట్ యజమానికి చెందుతుంది. కానీ ఇక్కడ కాగితం మీద యజమాని ఈఓఆర్. కెన్యా చట్టం ఏ దారిలో వెళ్లినా, డ్రాయింగ్ హక్కులు ముందు ఉద్యోగి నుంచి ఈఓఆర్‌కి, అక్కడి నుంచి మీకు వచ్చేలా రెండు అసైన్‌మెంట్లు (హక్కుల బదిలీలు) రాతలో ఉండాలి. ఈఓఆర్‌ల స్టాండర్డ్ ఒప్పందంలో ఇది ఉందో లేదో చదవండి. ఉంటే టెరిటరీ "ప్రపంచమంతా" అని, గడువు "కాపీరైట్ ఉన్నంతకాలం" అని ఉందా చూడండి. ఇక్కడ 19(5), 19(6) నిజంగానే పనిచేస్తాయి. రాయకపోతే నైరోబీలో గీసిన డ్రాయింగ్ మీద మీ హక్కు 5 ఏళ్లకి, ఇండియా వరకే అని క్లయింట్ లాయర్ ఎత్తిచూపే ప్రమాదం ఉంది.

లైసెన్సు లేని కాపీ అని తెలిసే వాడితే ఇక్కడ కాపీరైట్ చట్టం సెక్షన్ 63బీ ఉంది: 7 రోజుల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల వరకు జరిమానా. టెరిటరీ దాటిన ప్రతిదీ 63బీ అవుతుందని కాదు, చాలావరకు అది కాంట్రాక్ట్ గొడవే. కానీ తయారీదారు రద్దు చేశాక కూడా వాడుతూ పోతే ఆ గీత దగ్గరవుతుంది.

రేణిగుంట_డీటెయిలర్

అర్థమైంది. సోమవారం చెన్నై రీసెల్లర్‌కి, కాపీ తయారీదారుకి మెయిల్. నైరోబీ వాళ్ల ఆటోక్యాడ్ లాగిన్లు ఈ రాత్రే తీసేస్తున్నా, జవాబొచ్చేదాకా వాళ్లకి పీడీఎఫ్ చెకింగ్ పని ఇస్తాం. ఖాళీ 8 సీట్ల రెన్యువల్ వచ్చే నెల 12న ఉంది. రెన్యూ చేయనా?

కరామా_ఐటీ

8 వద్దు. నైరోబీకి అనుమతి వస్తే వాళ్ల నుంచి ఇప్పుడు తీస్తున్న 2 సీట్లే చాలు. ఆటో రెన్యువల్ ఆన్‌లో ఉందేమో అకౌంట్‌లో ఇవాళే చూడండి. 12 వరకు ఆగితే కార్డు నుంచి డబ్బు కట్ అయ్యాక రీఫండ్ కోసం తిరగాలి. లాగిన్లు తీసేటప్పుడు యూజర్‌ని డిలీట్ చేయకండి, సీటు మాత్రం అన్‌అసైన్ చేయండి. డిలీట్ చేస్తే ఎవరు ఏ తేదీ వరకు వాడారన్న రికార్డు కూడా చేజారవచ్చు. రేపు తయారీదారు అడిగినప్పుడు మీరే చూపించాల్సింది ఆ రికార్డు.